సర్వేలో లేని పిల్ల

"సీ డ్రైవ్‌లో చెత్త పొయ్యకండ్రా!" అనేవాడు అమీర్‌పేటలో కోర్సు చెప్పిన మాస్టారు.

కంప్యూటర్‌లోకి కొత్తగా ఏది ఎక్కించాలన్నా అది ముందు ఒక ప్రశ్న అడుగుతుంది, ఎక్కడ పెట్టమంటారని. తనే ఒక చోటు చూపిస్తుంది కూడా. చూపించిన చోటే పెట్టేవాడు మాస్టారి దృష్టిలో వట్టి వెర్రివెంగళప్ప. "సీ అంటే ఇంటికి వంటిల్లు. అది పాడైతే ఫార్మాట్ కొడతాం, అందులో ఉన్నవన్నీ గంగలో కలుస్తాయి. మీ టూల్సూ మీ సామానూ పక్కన డీలో పడేసుకోండి. క్షేమంగా ఉంటాయి." గదినిండా పిల్లలు బుద్ధిగా తలలూపేవారు. చక్రధర్ మిగతా కోర్సంతా మరిచిపోయాడు గానీ ఈ ఒక్క ముక్క అతని వేలికి అంటుకుపోయింది. కాలం మారింది, డ్రైవులూ వాటి అక్షరాలూ పోయాయి. అయినా ఏ యంత్రం ముందు కూర్చున్నా అతని వేలు 'మార్చు' అన్న బొత్తాం మీదికే పోయేది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. కోచింగులో వచ్చిన బుద్ధీ అంతే.

గుంటూరు ఊరి బయట, మిర్చి కోల్డ్ స్టోరేజీలు దాటాక ఉంది వాళ్ళ ల్యాబు. గాలి ఇటు తిరిగిందంటే ఎంత పెద్ద శాస్త్రవేత్తయినా తుమ్మాల్సిందే. ఆ తుమ్ముల మధ్యే వారధి పుట్టింది. గోరంత పలక. పక్షవాతంతో మెదడులో ఒక ముక్క చచ్చుబడితే, దానికి అటూ ఇటూ బతికున్న నరాలను ఈ పలక కలుపుతుంది. అయితే ఏ ఇద్దరి మెదడూ ఒకలా ఉండదు. నోట్లోంచి ఒక్క మాట రావాలన్నా ఆ తలలో అప్పటికప్పుడు కొత్త దారి వెయ్యాలి. బయట రాసిన ప్రోగ్రాములు పంపుతూ కూర్చుంటే పని జరగదు. అందుకని ప్రోగ్రాములు రాసే టూల్సునే తల లోపల పెట్టాలి. కుట్టిన జాకెట్టు పంపితే చాలదు, కుట్టే మిషన్నే లోపల బిగించాలన్నమాట. ఆ టూల్సు తయారుచేసింది చక్రధర్.

ఈ జాకెట్టు పోలిక అతనికి అక్క వల్ల వచ్చింది. నరసరావుపేటలో, ఇంటి ముందుగదిలోనే నడిచే హైమావతి లేడీస్ టైలరింగ్ అంటే తెలియనివాళ్ళు లేరు. మనిషిని ఒక్కసారి ఎగాదిగా చూసి, టేపు తియ్యకుండా కొలతలు చెప్పేసేది. మగవాళ్ళ బట్టలు ముట్టేది కాదు. మొగుడు సాంబశివరావుకి కూడా రెడీమేడే గతి. తమ్ముడి చొక్కా ఒక్కటే మినహాయింపు, ఏటా పుట్టినరోజుకి. తల్లి పోయేనాటికి చక్రధర్ లాగూలేసుకునే పిల్లాడు. అక్కే అన్నం కలిపిపెట్టింది, అక్కే బడికి పంపింది, చొక్కా కాలరు లోపల దిష్టి తగలకుండా నల్లదారంతో ఒక చిన్న కుట్టు వేసింది. ఆ దిష్టికుట్టు ఇంట్లోవాళ్ళకే. డబ్బిచ్చి కుట్టించుకునేవాళ్ళు ఎంత బతిమాలినా వేసేది కాదు.

అలాంటి మనిషి ఒక ఉదయం కత్తెర చేతిలో ఉండగానే పక్కకి ఒరిగిపోయింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది, ఆపైన మెలకువే పోయింది. పెద్దాసుపత్రివాళ్ళు పెదవి విరిచారు. చక్రధర్ ల్యాబు పెద్ద డాక్టర్ షాహీన్ గది ముందు కూర్చుని, ఆవిడ ఒప్పుకునేదాకా లేవలేదు.

హైమావతికి ఒక్కతే కూతురు, జోషిత. విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. పరీక్షలు నెత్తిమీద ఉన్నాయి. ఇంటర్ పరీక్షలప్పుడు మనవాళ్ళు పిల్లలకి చావు కబురు కూడా చెప్పరు. తాత పోయిన సంగతి ఆఖరి పేపరు రాసొచ్చాక, పెద్దకర్మ భోజనాలు కూడా అరిగిపోయాక తెలుసుకున్న పిల్లలు వీధికొకరు ఉంటారు.

"పిల్లకి చెప్పమాక చక్రీ. కంగారు పడుద్ది. ఏడాదంతా చదివింది బూడిదలో పోసినట్టవుద్ది," అన్నాడు సాంబశివరావు.

"చెప్పనులే బావా," అన్నాడు చక్రధర్.

ఆదివారం హాస్టలు నుంచి ఫోనొస్తే, అమ్మకి పెళ్ళిళ్ళ సీజను పని ఊపిరాడటం లేదని చెప్పారు. పిల్ల నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది, ప్రతి సీజనులోనూ అది నిజమే.

* * *

వారధి పెట్టేముందు సర్వే చెయ్యాలి. దగ్గరివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, నిద్రలో ఉన్న మనిషి చెయ్యి పట్టుకుని మాట్లాడాలి. చెయ్యి, గొంతు, ఒంటి వాసన, మూడూ కలిస్తేనే లోపల ఆ మనిషి తాలూకు నరాలు కదులుతాయి. రికార్డింగులు పనికిరావు. కదిలిన చోటు తెరమీద పచ్చగా మారుతుంది. అంటే అక్కడ ఎవరో ఉన్నారని. కదలని చోటు తెల్లగా ఉండిపోతుంది. ల్యాబు కుర్రాళ్ళు దానికి బంజరు అని పేరు పెట్టారు.

సాంబశివరావు వచ్చి ఏడ్చాడు, పచ్చగా అయింది. షాపులో ముప్పొద్దులా కూర్చునే పక్కింటి పిన్నిగారు వచ్చి ఊరి కబుర్లన్నీ చెప్పింది, పచ్చగా అయింది. చక్రధర్ చెయ్యి పట్టుకోగానే మాత్రం తెరమీద ఒక మూల అంతా ఒక్కసారి వెలిగింది. అంచు గీత గీసినట్టుంది. చూసి అతని కళ్ళు చెమర్చాయి.

"పాప?" అని అడిగింది షాహీన్.

సాంబశివరావు బావమరిది వంక చూశాడు. బావమరిది తెర వంక చూశాడు. టూల్సు ఎటూ వారధి లోపలే, అది చూపించే చోటే పెడతాం గదా, తల జోలికే పోనప్పుడు ఈ సర్వే ఒక లాంఛనం గదా అనుకున్నాడు.

"పొద్దున్నే వచ్చి వెళ్ళింది మేడమ్. నేనే దగ్గరుండి చేయించాను."

"అయితే ఇంకెవరూ మిగల్లేదుగా?"

"ఎవరూ మిగల్లేదు మేడమ్."

మర్నాడు పుర్రె తెరిచి పలక అమర్చారు. షాహీన్ అద్దం అవతల ఆపరేషన్ బల్ల దగ్గరుంది. ఇవతల చక్రధర్ ముందు తెరమీద పాత ప్రశ్నే వచ్చింది. టూల్సు ఎక్కడ పెట్టమంటారు? సూచించిన చోటు, వారధి లోపలి గది. కింద రెండు బొత్తాలు, 'సరే', 'మార్చు'.

వారధి అంటే సీ డ్రైవ్. రేపు అది పాడై మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాల్సి వస్తే లోపలున్నవన్నీ పోతాయి. పక్కనే చూడబోతే తెల్లగా, విశాలంగా ఎంతో చోటు ఉంది. వేలు 'మార్చు' నొక్కింది. తెల్లటి చోటు మీద ఒక గీత గీసింది.

"డిఫాల్ట్‌లోనేగా?" అని స్పీకర్లో అడిగింది షాహీన్.

"లేదు మేడమ్. పక్కన పెద్ద బంజరుంది. లోపల పెడితే రేపు వారధి పెరగటానికి చోటు చాలదు."

"సర్వే పూర్తయిందిగా, మంచిది. కానివ్వండి."

అప్పుడైనా జోషిత గుర్తుకు రాలేదా అంటే, రాలేదు. చేతికి అలవాటైన పని చేసేటప్పుడు మనసు ఊరూరూ తిరిగొస్తుంది. పుర్రె మూసి కుట్లు వేస్తుండగా బావ గుమ్మంలోంచి, "పిల్ల ఫోన్ చేసింది చక్రీ, ఫిజిక్స్ ప్రాక్టికల్స్ బాగా చేసిందంట," అన్నాడు. చక్రధర్ తెరమీదికి చూశాడు. తెల్లచోటు ఇప్పుడు నీలంగా ఉంది, నిండిపోయింది. సర్వేకి రాని పిల్ల చోటు అదే అయ్యుంటే? బావకి ఏం జవాబు చెప్పాడో అతనికే తెలియదు.

* * *

హైమావతి లేచింది. ముందు కళ్ళు తెరిచింది, తర్వాత "నీళ్ళు" అంది, ఆ తర్వాత కుడిచేతి వేళ్ళు కదిపింది. ఇంటికెళ్ళిన కొద్దిరోజులకే సూదిలో దారం ఎక్కించింది. సాంబశివరావు ఆ సూదిని పిన్నిగారికి చూపించి మరీ ఏడ్చాడు. ల్యాబులో కుర్రాళ్ళు మిఠాయిలు పంచుకున్నారు. చక్రధర్ తన లడ్డుని పక్కవాడి చేతిలో పెట్టి లేచిపోయాడు.

అక్క అన్నీ అడుగుతోంది. తను పడిపోయిన రోజు కత్తిరిస్తున్న పట్టుగుడ్డ ఏమైందని అడుగుతోంది. నువ్వెందుకురా ఇట్టా పీక్కుపోయావని అడుగుతోంది. జోషిత గురించి మాత్రం అడగటం లేదు.

"తెలివైంది మీ అక్క," అన్నాడు సాంబశివరావు మురిసిపోతూ. "పరీక్షలని తెలుసుగా. పేరెత్తితే బెంగపెట్టుకుంటానని ఎత్తట్లేదు."

తనే ఒకసారి "జోషిత" అని చూస్తే సరిపోయేది. చక్రధర్‌కి ధైర్యం చాలలేదు. నరసరావుపేట వెళ్ళినప్పుడల్లా ఆ పేరు నోటిదాకా వచ్చేది, అక్క మొహం చూసి మింగేసేవాడు. పరీక్షలు అయిపోయేదాకా ఏమీ తెలియదు గదా, తెలియనంతవరకూ ఏమీ జరగనట్టే గదా అని తనకి తనే నచ్చజెప్పుకునేవాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగిన చందం.

ఆఖరి పేపరు రోజు సాంబశివరావు విజయవాడ వెళ్ళి కూతుర్ని తీసుకొచ్చాడు. దారిలో బస్సులో సంగతంతా చెప్పాడట. పిల్ల బస్సు దిగి హాస్టలు యూనిఫారంతోనే షాపుకి పరుగెత్తుకొచ్చింది. చక్రధర్ అప్పటికే అక్కడ ఉన్నాడు, స్టూలు మీద, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని.

"అమ్మా!"

హైమావతి మిషను ఆపి తలెత్తింది. పిల్లని ఎగాదిగా చూసింది. చక్రధర్‌కి ఆ చూపు తెలుసు. భుజం నుంచి భుజానికి, అక్కణ్ణుంచి నడుముకి, నడుము నుంచి చేతుల పొడవుకి.

"రా అమ్మా. డ్రస్సా, జాకెట్టా? మనిషివి సన్నం, కొలతలు చూడక్కర్లా," అంది నవ్వుతూ. "మరి మీ అమ్మ రాలేదా?"

జోషిత ముందు నవ్వింది. అమ్మ ఆటపట్టిస్తోందనుకుంది. తర్వాత నాన్న మొహం చూసింది, మావయ్య మొహం చూసింది. ఆ నవ్వు పెదాల మీదే ఎండిపోయింది.

* * *

మెదడుకి ఖాళీ అంటే గిట్టదు. చిరిగిన చోట ఏ గుడ్డ దొరికితే ఆ గుడ్డ మాటు వేసేస్తుంది. హైమావతి మెదడూ అలాగే మాట్లు వేసింది. మాకు పిల్లల్లేరు గదండీ అంది. మేడమీద పిల్ల గదిని స్టాకు గది అంది. ఒకరోజు ఆ మంచం మీద జాకెట్టు ముక్కల మూటలన్నీ తెచ్చి పడేసింది. గోడమీద ఫొటోల్ని మాత్రం చూడనట్టే దాటిపోయేది. "ఈ పాపెవరక్కా?" అని గట్టిగా అడిగితే కాసేపు చూసి, "మీ బావ తరఫువాళ్ళ పిల్ల అయ్యుంటది" అని పక్కకి తిరిగేది.

పిల్ల ఇంట్లోనే ఉంది. ఎక్కడికి పోతుంది? మెట్లమీద కూర్చుని వంటింట్లో తిరిగే తల్లిని చూస్తూ ఉండేది. అమ్మా అని పిలిస్తే ఆవిడ బెదిరిపోతోందని పిలవటం మానేసింది.

ఒక మధ్యాహ్నం హైమావతి తమ్ముణ్ణి షాపు వెనకగదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"నిజం చెప్పు చక్రీ. ఆ పిల్లెవరు? ముక్కు చూడు, అచ్చం మీ బావ ముక్కే. నేను ఆసుపత్రిలో పడుంటే తీసుకొచ్చి ఇంట్లో పెట్టాడు. మీ బావకి ఇంకో సంసారం ఉంది, అవునా?"

"అక్కా, అదేం లేదు."

"మరేంది? నాకెందుకు అందరూ ఇట్టా భయం పెడుతున్నారు?" ఆవిడ అలమరలోంచి ఒక పాత గౌను తీసింది. ఐదారేళ్ళ పిల్లది. మెడ తిప్పి లోపలి వైపు చూపించింది. నల్లదారంతో అడ్డంగా ఒక చిన్న కుట్టు. "ఇది నా చేతి కుట్టు. నేను బయటివాళ్ళకి వెయ్యను. ఎప్పుడు కుట్టానో ఎవరికి కుట్టానో గుర్తు రావట్లా. నాకు పిచ్చెక్కుతోందంట్రా?"

చక్రధర్ గౌనుని మడిచి అలమరలో పెట్టాడు. రేపు వస్తానని చెప్పి గుంటూరు పరుగెత్తాడు.

* * *

షాహీన్ ముందు అతను ఏదీ దాచలేదు. పాప రాకుండానే వచ్చిందన్నాననీ, చూపిన చోటు మార్చింది అలవాటుకొద్దీ అనీ చెప్పేశాడు. ఆవిడ హైమావతి సర్వేని మళ్ళీ తెరమీద తెరిచింది. తిడితే బాగుండుననిపించింది అతనికి.

"నరాలు తెగిపోలేదు," అంది చివరికి, తెరమీది నీలం మచ్చని చూస్తూ. "మీ టూల్సు వాటిని తమ పనికి వాడుకుంటున్నాయి. ఇంకొన్నాళ్ళు పోతే అవి టూల్సువే అయిపోతాయి. ఇప్పుడే ఖాళీ చేస్తే పాప తిరిగి రావచ్చు. రావచ్చు అంటున్నాను, వస్తుందనటం లేదు."

"టూల్సు తీసేద్దాం మేడమ్."

"తీసేస్తే వారధి కొత్త దారులు వెయ్యలేదు. మాట పోతుంది, చెయ్యి పోతుంది. మింగటం కూడా పోతే మనిషే దక్కదు."

"మరి మొదట చూపించిన చోటు? లోపలి గది?"

ఆవిడ ఆ గది తెరిచి చూపించింది. అందులో చోటు లేదు. వారధి అన్నాళ్ళుగా వేసిన దారులన్నీ అక్కడే ఉన్నాయి, అక్క పలికే ప్రతి మాటా, వేళ్ళ ప్రతి కదలికా. మొదటిరోజు 'సరే' నొక్కి ఉంటే టూల్సు అక్కడ హాయిగా పట్టేవి, దారులు బయటికి అల్లుకునేవి. వెర్రివెంగళప్పలు చేసే పని చేసి ఉంటే సరిపోయేది.

అక్కని చెకప్ అని పిలిపించి, ఈసారి మెలకువలో ఉండగా మళ్ళీ సర్వే చేశారు. తెరమీద ఎక్కడా తెలుపు లేదు. మనిషి మెలకువలో ఉంటే బంజరు అనేది ఉండదని అప్పుడు తెలిసింది. ఒక మూల షాపు ఉంది, కత్తిరింపులూ కొలతలూ అన్నీ. ఇంకోచోట సాంబశివరావు. టూల్సు పట్టేంత చోటు కావాలంటే వీటిలో ఏదో ఒకటి పోవాలి.

"నన్ను తీసెయ్యండి," అన్నాడు సాంబశివరావు వెంటనే. "మళ్ళీ పరిచయం చేసుకుంటా. మొదటిసారి కూడా పెళ్ళిచూపుల్లో నన్ను చూసి మొహం చిట్లించింది, ఆ తర్వాత అలవాటు పడలా?"

షాహీన్ తల అడ్డంగా ఊపింది. నీలం మచ్చ అంచూ అతని అంచూ ఒకదాంట్లో ఒకటి అల్లుకుపోయాయి. తండ్రిని పీకితే పిల్ల కూడా చినిగిపోతుంది. షాపుని తీస్తే చేతులుంటాయి గానీ అవి ఏం చెయ్యాలో హైమావతికి తెలియదు. షాహీన్ చూపు తెరమీద ఇంకో మూలకి జరిగింది. చక్రధర్ కూడా తెర వంకే చూస్తున్నాడు. ఒక మూలనున్న పచ్చటి చోటు, గీత గీసినట్టు అంచు, చుట్టూ దేనితోనూ ముడిపడకుండా ఉంది. ఆ చోటు తనది. అది సరిగ్గా సరిపోతుందని అతనికి ముందే తెలుసు, కొలిచి చూడక్కర్లేదు.

అతనికి భయం వేసింది. అక్క ఒక్కతే అతని చిన్నతనానికి సాక్షి. తల్లి గొంతు ఎలా ఉండేదో కూడా అక్క చెబితేనే అతనికి తెలుసు.

* * *

అక్కని అడగకుండా చెయ్యటానికి వీల్లేదంది షాహీన్. చక్రధర్ నరసరావుపేట వెళ్ళి, షాపులో మిషను పక్కన నేలమీద కూర్చున్నాడు. చిన్నప్పుడు హోంవర్కు చేసుకున్న చోటు అదే. ఉన్నదున్నట్టు చెప్పాడు. నీకు కూతురుంది, నేను చేసిన తప్పు వల్ల నువ్వు మరిచిపోయావు, దాన్ని తిరిగి తేవాలంటే ఇంకొకటేదో మరిచిపోవాలి అన్నాడు.

హైమావతి నమ్మలేదు. "కన్నబిడ్డని మరిచిపోతారంట్రా ఎవరైనా?" అంది. ఆమాట అంటూనే ఆగిపోయింది. కుడిచెయ్యి చీరమీదుగా పొత్తికడుపు దగ్గరికి పోయింది. అక్కడ అడ్డంగా ఉన్న గీతని వేళ్ళతో తడుముకుంది, కుట్టు సరిగ్గా పడిందో లేదో చూసుకున్నట్టు.

"ఇది అపెండిక్సు ఆపరేషను అనుకున్నానే," అంది మెల్లగా.

"కాదక్కా."

ఆవిడ ఏడవలేదు. గుమ్మం అవతల మెట్లమీద కూర్చున్న పిల్ల వీపుని చూస్తూ ఉండిపోయింది. కొంచెంసేపటికి, "భయమేస్తోంది చక్రీ" అంది. "ఆ పిల్లని చూస్తే భయం, చూడకపోతే భయం. సరే, చెయ్యి. ఏది తీస్తావో మాత్రం నాకు చెప్పమాక. చెప్తే వద్దంటాను."

"చెప్పనులే."

"అన్నం తిన్నావా? మొహం చూడు, ఎట్టా పీక్కుపోయిందో."

తిన్నానని అబద్ధం చెప్పాడు. ఆవిడ నమ్మక, లేచి పళ్ళెంలో అన్నం, గోంగూర పెట్టుకొచ్చింది. అతను ఆ మెతుకుల్ని లెక్కపెట్టినట్టు ఒక్కొక్కటే తిన్నాడు.

* * *

ఆ రోజు ల్యాబులో మిర్చి ఘాటు లేదు. అందరూ తుమ్మకుండా ఉన్నది ఆ ఒక్కరోజే. హైమావతి బల్లమీద మత్తులో ఉంది. తల తెరవాల్సిన పనిలేదు, వారధితో మాట్లాడితే చాలు. తెరమీద అదే ప్రశ్న వచ్చింది. టూల్సు ఎక్కడ పెట్టమంటారు? ఈసారి అది ఏ చోటూ సూచించలేదు. 'మార్చు' అని కూడా లేదు.

చక్రధర్ తన చోటు చుట్టూ గీత గీశాడు.

షాహీన్ అతని భుజం వెనక నిలబడింది. "చక్రధర్, ఒకసారి చేశాక వెనక్కి రాదు. రేపు మిమ్మల్ని దేన్నిబట్టీ గుర్తుపట్టదు."

"తెలుసు మేడమ్."

వేలు ఎత్తాడు, దించలేకపోయాడు. జన్మలో మొదటిసారి అతని వేలికి ఎటు పోవాలో తెలియలేదు. అక్క చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకోగానే తెరమీద ఆ మూల వెలిగింది. మత్తులో ఉన్నా వెలిగింది. అది చూశాక ఇక చూడలేక కళ్ళు మూసుకుని నొక్కాడు.

మళ్ళీ కళ్ళు తెరిచేసరికి ఆ మూల నీలంగా ఉంది. అతను అక్క చెయ్యి ఇంకా వదల్లేదు. ఇంకేదీ వెలగలేదు. పాత నీలం మచ్చ ఉన్న చోటు తెల్లగా, సున్నం వేసిన గోడలా ఉంది. ఇద్దరూ పోయారా ఏమిటి అనుకుని షాహీన్ వంక చూశాడు. షాహీన్ తలుపు తీసి జోషితనీ తండ్రినీ లోపలికి పిలిచింది. పిల్ల అన్నాళ్ళూ దూరం నుంచే చూసిన తల్లి దగ్గరికి వచ్చి, రెండు చేతుల్తో ఆ చేతిని అందుకుంది.

"అమ్మా, నేను."

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత తెల్లటి చోటులో ఒక అంచున పచ్చదనం చిన్న చుక్కలా కనిపించింది, పక్కకి పాకింది.

హైమావతి కళ్ళు తెరిచింది. కూతుర్ని చూసింది. ఎగాదిగా కాదు, నేరుగా మొహంలోకి.

"జోషమ్మా! ఎట్టా రాశావే పరీక్షలు? ఏందే ఇట్టా చిక్కిపోయావు, హాస్టల్లో తిండి పెట్టట్లేదా ఏంది?" అంటూ పిల్ల మెడ వంచి గుండెకి అదుముకుంది. సాంబశివరావు గోడకి ఆనుకుని అలాగే కిందికి జారిపోయి కూర్చున్నాడు. జోషిత ఏడుపు గదంతా నిండిపోయింది. ఎన్నాళ్ళుగానో బిగబట్టిన ఏడుపు.

చక్రధర్ తలుపు దాకా నడిచాడు. అక్క చూపు ఒకసారి అతని మీద వాలింది. పైట సర్దుకుంటూ మొగుడితో మెల్లగా, "ఆ సారెవరండీ, డాక్టరా? మంచినీళ్ళేమైనా ఇచ్చారా?" అంది.

అతను వరండాలోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి జోషిత వెనకాలే పరుగెత్తుకొచ్చింది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"మావయ్యా, నాన్న ఇప్పుడే చెప్పాడు. నువ్వు... అమ్మ నువ్వెవరని అడుగుతోంది. ఏం చెప్పను?"

"చెప్పమాక తల్లీ. కంగారు పడుద్ది."

పిల్ల అతని వంక అలా చూసింది. పదిహేడేళ్ళ పిల్ల అంత కోపంగా చూడగలదని అతనికి తెలియదు.

"చెప్పకే గదా మావయ్యా ఇదంతా," అంది. మణికట్టు పట్టుకుని లాక్కుపోయి బల్ల పక్కన నిలబెట్టింది. "అమ్మా, ఈయన నీ తమ్ముడు. చక్రి మావయ్య. నన్ను తెచ్చి, తను పోయాడు."

హైమావతి మొహంలో నవ్వు ఆగిపోయింది. తనకి తమ్ముడేంటి అన్నట్టు మొగుడి వంక చూసింది. ఆ బెదురు చక్రధర్‌కి బాగా తెలుసు, నిన్నటిదాకా అది పిల్లమీద ఉండేది. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఆగండి," అంది ఆవిడ.

చూపు అతని చొక్కా మీద ఉంది. పొద్దున చేతికి తగిలిన చొక్కా వేసుకొచ్చాడు, ఏదో కూడా చూసుకోలేదు. ఆవిడ చెయ్యి చాచింది. అతను వంగాడు. ఆవిడ వేళ్ళు భుజం అతుకు మీదుగా పోయి, కాలరు మడత విప్పి లోపలివైపు తిప్పాయి. నల్లదారం అక్కడ ఉంది.

"మగవాళ్ళవి నేను కుట్టను," అంది. దారం మీద బొటనవేలు రాసింది. "ఇది నేను కుట్టిందే."

ఆవిడ కాలరు వదల్లేదు. అతని మొహాన్ని వెతికింది, పోగొట్టుకున్న సూదిని వెతికినట్టు. ఏమీ దొరకలేదు. అప్పుడు ఆవిడ కళ్ళలోకి ఇంకా పెద్ద భయం వచ్చింది. గదిలో ఉన్నవాళ్ళందర్నీ ఒక్కొక్కరినే చూసింది, మొగుణ్ణి, కూతుర్ని, షాహీన్‌ని, చివరికి మూసి ఉన్న తలుపుని.

"నిజం చెప్పండి," అంది. "నాకింకా ఎవరెవరున్నారు?"

"ఎవరూ మిగల్లేదక్కా," అన్నాడు చక్రధర్.

ఈసారి అది నిజమే. అయినా ఆవిడ తలుపు మీంచి చూపు తిప్పలేదు.